కీ తేహో కట్టని కుళాయి

కీ తేహో దేన్నీ పూర్తిగా మూసిన మనిషి కాదు. సొరుగు లాగితే లాగినట్టే ఉంటుంది, సోయా సీసా ఒకచోట, మూత ఇంకోచోట. వాదన మొదలుపెడితే పక్క పరిచేదాకా తెరిచే ఉంటుంది. కొరియాలోని బుచన్ సిటీ బస్సుల డిపోలో ఏ బండి ఎటు పోవాలో కేకలేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అక్కడ కేక వేస్తే బండి కదిలేది. ఇంట్లో వస్తువులకు చెవులుండవన్న సంగతి ఆయనకు ఇంతవరకూ తెలియలేదని భార్య సునిమ్ అభిప్రాయం. ఆయన మీద కోపపడటం ఆమె ఎప్పుడో మానేసింది. కోపానికి కూడా ఓపిక దండగే.

చలికాలానికి క్యాబేజీతో కిమ్చీ పచ్చడి పెట్టిన వారం నుంచి ఇంట్లో వేడినీళ్లు మొరాయించాయి. కుళాయి తిప్పి, బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టి వచ్చినా నీళ్లు చలి విడవడం లేదు. మామూలుగా అయితే సునిమ్ కెటిల్‌తో నెట్టుకొచ్చేది. కానీ కూతురు యున్‌సుల్ కానుపై బాలింతల కేంద్రంలో ఉంది. శనివారం పసిదాన్ని తీసుకుని బయటికి రావాలి. ఏ ఇంటికి రావాలన్నదే తేలలేదు.

"కెటిల్ మోసుకుంటూ చంటిదానికి నీళ్లు పోస్తావా అమ్మా? అత్తయ్యగారింట్లో ఇలా తిప్పితే అలా వేడినీళ్లు. నేను అటే పోతా."

"శనివారానికి బాగవుతుంది లేవే."

"ఎవరు బాగుచేస్తారు? మన నాన్నేనా?" అని యున్‌సుల్ ఫోన్లో పకపకా నవ్వింది.

సునిమ్‌కు నవ్వు రాలేదు. బాలింతకు చారు కాయడానికి తెచ్చిన ఎండు సముద్రపు నాచు అలమర నిండా ఉంది. దాన్ని మూటగట్టి వియ్యపురాలి గుమ్మంలో ఇచ్చిరావాలన్న తలపే ఆమెకు మింగుడుపడలేదు.

తేహో మాత్రం జబ్బు కనిపెట్టేశాడు. "పై వాటా వాళ్లు మన గ్యాసు లాగేస్తున్నారు."

"గొట్టం వేసి పీల్చడానికి అదేమన్నా పళ్లరసమా, యున్‌సుల్ నాన్నా?"

"నీకేం తెలుసు!" అంటూ ఆయన గోడ మీది గ్యాసు బాయిలర్ మీటలన్నీ వరసగా నొక్కాడు. నీళ్లు వేడెక్కలేదు సరికదా, అదే బాయిలర్ వేడితో వెచ్చగా ఉండే కాళ్ల కింద నేల కూడా చల్లబడింది. రెండు రోజులు ఇంట్లోనే కోట్లు వేసుకుని అన్నం తిన్నారు.

చివరికి సునిమే మెకానిక్‌ను పిలిచింది. అతను బాయిలర్ కింద గొట్టాన్ని ముట్టుకుని, చెయ్యి చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు.

"నీళ్లు ఇక్కడ కాలిపోతూనే బయల్దేరుతున్నాయి అమ్మగారూ. బాయిలర్‌కు రోగం లేదు."

"మరి కుళాయిలోకి వచ్చేసరికి చచ్చిపోతున్నాయేం?"

"అది బాయిలర్ సంగతి కాదు కదండీ." వచ్చిన కూలి తీసుకుని, కొత్త బాయిలర్ల బొమ్మలున్న రంగుల కాగితం చేతిలో పెట్టి పోయాడు. రోగం లేదంటాడు, మార్చమంటాడు. ఇంట్లో ఒక తేహో చాలడని ఊరంతా తేహోలేనా అనుకుంది సునిమ్.

ఆ కాగితం చూడగానే తేహోకు పూనకం వచ్చింది. పాతదాన్ని తానే ఊడబీకుతానని, బాయిలర్‌లోకి చన్నీళ్లు వెళ్లే గొట్టాన్ని కట్టేశాడు. సునిమ్ అప్పుడు వంటింట్లో వేడి కుళాయి కింద గిన్నెలు కడుగుతోంది.

"కట్టేశానే! ఇంక చుక్క రాదు, చూడు!"

నీళ్లు ధారగా వస్తూనే ఉన్నాయి, మంచులా.

"వస్తున్నాయి."

"గొట్టంలో మిగిలినవిలే."

"ఇంతసేపా? మన గొట్టంలో హాన్ నది మిగిలిందా ఏం?"

అంటూనే సునిమ్ చేతిలో గిన్నె దించింది. బాయిలర్‌కు నీళ్లు కట్టేసినా వేడి కుళాయిలో నీళ్లు వస్తున్నాయంటే, చన్నీళ్లు ఎక్కడో దొంగదారిన దూరుతున్నాయి. కుళాయి అలాగే వదిలి వెతకడానికి బయల్దేరింది. బట్టల మిషను గొట్టం కట్టింది. వంటింట్లో ధార చప్పుడు ఆగలేదు. స్నానాలగది కుళాయిలు చూసింది. అన్నీ కట్టే ఉన్నాయి. వెనక బాల్కనీలోకి వెళ్లింది.

అక్కడ, కిమ్చీకి క్యాబేజీలు కడగడానికి తేహో బిగించిన పైపు, దాని చివర నొక్కితే చిమ్మే గన్ను. చేతులు కొంకర్లు పోకుండా, రెండు నీళ్లూ ఇచ్చే ఆ ఒంటి కుళాయి పిడిని ఎత్తి వేడికీ చలికీ మధ్యన పెట్టుకున్నారు. కడగడం అయ్యాక తేహో గన్ను మీట వదిలి, నీళ్లు ఆగగానే మేకుకు తగిలించాడు. పిడి మాత్రం ఎత్తినట్టే ఉంది. బయటికి దారి లేని చన్నీళ్లు లోపల్లోపలే వేడి గొట్టంలోకి తోసుకుపోతున్నాయి.

సునిమ్ పిడి దించింది. వంటింట్లో ధార ఆగిపోయింది.

"ఆగింది! మిగిలినవేనని చెప్పానా!" అని తేహో అరిచాడు.

"ఆగలేదు, నేను కట్టాను. మీరు తెరిచి వదిలేసిన కుళాయిని."

"గన్ను మూసే ఉందిగా!"

సునిమ్ బాయిలర్ దగ్గరికి నడిచింది. బాయిలర్‌కు నీళ్లు వదిలి వేడి కుళాయి తిప్పితే, కాసేపట్లోనే చెయ్యి పెట్టలేనంత వేడి. కూతురికి ఫోన్ చేసి రమ్మంది.

శనివారం యున్‌సుల్ పసిదానితో వచ్చింది. తేహో అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "ఆ మెకానిక్ ఉత్త దద్దమ్మ అల్లుడూ. బాయిలర్‌కు నీళ్లు కట్టేసి పరీక్ష చేయాలన్న బుద్ధి నాకే పుట్టింది." అల్లుడు బుద్ధిమంతుడు, తల ఊపుతున్నాడు. స్నానాలగదిలో సునిమ్ తొట్టి నింపుతుంటే, యున్‌సుల్ మోచెయ్యి ముంచి చూసింది.

"అమ్మా, చల్లబడుతున్నాయి."

సునిమ్ లేచింది. వంటింట్లో కిమ్చీ కోసే కత్తెర తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. మాటల మధ్యలో లేచి వచ్చి తేహో పైపుతో కడిగి ఆరబెట్టిన బూట్లు ఒక మూల నీళ్లు కారుతున్నాయి. పిడి ఎత్తి ఉంది, గన్ను మేకుకు వేలాడుతోంది. ఆమె ముందు పిడి దించింది. తర్వాత పైపును కత్తిరించింది. వెనక్కి వచ్చేసరికి తొట్టిలో పడే నీళ్లు మళ్లీ పొగలు కక్కుతున్నాయి.

గన్ను తెచ్చి మొగుడి ఒళ్లో పెట్టింది.

"ఇదిగోండి. మూసే ఉంది."