చేపకు జ్వరం చూసే ఇంట్లో

నేను పెళ్ళయి ఏలూరు కాపురానికొచ్చిన కొత్తలో మా ఇంట్లో జ్వరం చూసేది ఒక్క చేపకే. మనుషులకు చెయ్యి పట్టుకుని చూస్తే సరిపోయేది. చేపకు మాత్రం థర్మామీటరు.

మా ఆయన బళ్ళో సైన్సు చెప్పేవారు. పాత కిటికీ అద్దాలను రేకు చట్రంలో బిగించి, లప్పంతో అతికించి, ముందు వసారాలో ఒక గాజు తొట్టి తయారుచేశారు. అందులో ఉన్నది మా నాన్న కొల్లేటి నుంచి తడిగుడ్డ కప్పిన కుండలో ప్రాణంతో తెచ్చిన కొర్రమీను. అల్లుడికి పులుసు పెట్టమని తెచ్చారాయన. అల్లుడేమో పెంచుకుంటానన్నారు. నేను నూరిన మసాలా నూరినట్టే ఉండిపోయింది. ఆ కోపం నాకిప్పటికీ పూర్తిగా పోలేదు.

తొట్టి అంచు నుంచి దారంతో గాజు థర్మామీటరు వేలాడుతుండేది. మద్రాసు నుంచి తెప్పించుకున్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కళ్ళజోడు సర్దుకుని చూసి నోటుబుక్కులో రాసుకునేవారు.

"ఏవండీ, చెరువెండిపోతే బురదలో దూరి బతికే చేపండీ అది. దానికి జ్వరమేంటండీ?" అనేదాన్ని.

"నీకు తెలీదులే. సైన్సు," అనేవారు.

సైన్సు సరే. నన్ను తినేస్తున్న సంగతి వేరు. పెళ్ళినాడు చర్చిలో మేమిద్దరం ఉంగరాలు మార్చుకున్నాం. రెండూ మా నాన్న చేయించినవే. నాది నా వేలికే ఉంది. ఆయనది రెండు నెలలు తిరక్కుండానే మాయమైంది. అడిగితే, "సుద్దముక్కలు పట్టుకుంటే అరిగిపోతుందని పెట్టెలో దాచాను," అన్నారు. సుద్దముక్కకు బంగారం అరుగుతుందా? చేపకు రెండుపూటలా జ్వరం చూసే మనిషికి నా ఉంగరం పెట్టుకోవడం బరువైందా? నేనంటే ఇష్టం లేదేమోనని, ఆ ఖాళీ వేలు చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది. పైకి మాత్రం చేప మీద పెట్టి దెప్పేదాన్ని.

ఒకరోజు ఆయన బడికి వెళ్ళాక తొట్టిలో నీళ్ళు మార్చబోయాను. ఇండుపగింజ అరగదీసి తేర్చిన కాలవ నీళ్ళు బిందెతో పోస్తుంటే కొర్రమీను ఎగిరింది. పుట్టింటి అలవాటు, రెండు చేతులతో లటుక్కున పట్టేశాను. అది ఊరుకుంటుందా? తోకతో ఒక్కటిచ్చింది. థర్మామీటరు తొట్టి అద్దానికి కొట్టుకుని రెండు ముక్కలైంది. లోపలి పాదరసం పూసలు పూసలుగా అడుగుకు జారింది.

చేపను బిందెలో వేసి మూతపెట్టాను. మా కొల్లేటివాళ్ళకు నీళ్ళలో ఏది పడినా చెయ్యిపెట్టి తడమడమే తెలుసు. గాజు ముక్కలు రెండూ దొరికాయి. పాదరసం దొరికితేనా! వేలితో నొక్కితే ఒకటి నాలుగవుతుంది, తరిమితే ఇసకలో దూరుతుంది. గంటసేపు దానితో కుస్తీపట్టి, ఉగ్గుగిన్నెలోకి కాస్త ఎత్తి, చెయ్యి తుడుచుకుని చూసుకుందును కదా, నా ఉంగరం వెండిలా తెల్లబడిపోయింది.

చింతపండుతో తోమాను. బూడిదతో తోమాను. ఊహూ! ఆయన ఉంగరం గురించి సణిగిన పాపానికి దేవుడు నా ఉంగరమే లేకుండా చేశాడా అని కూలబడ్డాను. చివరికి వేలికి గుడ్డ చుట్టుకుని, కత్తిపీటకు తెగిందని చెబుదామనుకున్నాను.

సాయంత్రం ఆయన వచ్చి తొట్టి చూశారు, బిందెలో చేపను చూశారు, నా వేలు చూశారు.

"తెగిందండీ," అన్నాను.

"వేలా, థర్మామీటరా?"

ఇక ఆగలేకపోయాను. ఏడుస్తూ గుడ్డ విప్పి చూపించాను. ఆయన తిట్టలేదు. ముందు ఉంగరం తీయించి, నా చేతులు సబ్బుతో కడిగించారు. తొట్టిలో నీళ్ళు మెల్లగా తోడి, కాగితం మడతతో పూసల్ని ఒక్కొక్కటే చేరదోసి, చిన్న సీసాలోకి ఎక్కించి బిరడా బిగించారు. ఆ నీళ్ళూ ఇసకా నూతికి దూరంగా గొయ్యి తీసి పోశారు.

"ఈ చేపని ఇంక వండడానికి వీల్లేదు. పాదరసం విషం," అన్నారు.

దొంగ చేప! ఒక్కసారి తోక ఆడించి పులుసు గండం తప్పించుకుంది. దాంతో నా దుఃఖమంతా కోపమైంది.

"పాదరసం బంగారాన్ని పట్టేస్తుందని మీకు తెలుసు కదండీ! ఒక్కమాట ముందే చెప్పకూడదూ?" అని ఆయన మీదికి లేచాను.

ఆయన లోపలికి వెళ్ళి పెట్టె తెరిచారు. చొక్కాల అడుగునుంచి చిన్న పొట్లం తీసుకొచ్చి నా చేతిలో పెట్టారు. విప్పితే, ఆయన ఉంగరం. నాదానికంటే తెల్లగా ఉంది.

"బళ్ళో ఇలాంటిదే ఒకటి నేనూ పగలగొట్టాను," అన్నారు తల వంచుకుని. "పాదరసం ముట్టుకోకూడదని పిల్లలకు పాఠం చెప్పి, అదే చేత్తో ఎత్తాను. మీ నాన్నగారు చేయించిన ఉంగరమాయె. నీకేమని చెప్పను?"

ఇన్నాళ్ళూ నేను ఏడ్చింది దీనికా! ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. పైకి మాత్రం, "బాగుందండీ మీ సైన్సు," అన్నాను.

మర్నాడు ఇద్దరం కంసాలి దగ్గరికి వెళ్ళాం. అతను రెండు పొట్లాలూ విప్పి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఏవండీ మాస్టారూ, ఒకరిని చూసి ఒకరు చేసుకున్నారా అండీ?" అన్నాడు.

మమ్మల్ని దూరంగా నిలబెట్టి, ఆరుబయట కుంపట్లో కాచి, మెరుగుపెట్టి ఇచ్చాడు. పాత రంగు పూర్తిగా రాలేదు. మా ఆయన అక్కడే తన ఉంగరం నా చేతికిచ్చి వేలు చాచారు. కంసాలి చూస్తున్నాడని సిగ్గేసింది. అయినా తొడిగాను. ఆ తర్వాత ఎన్నేళ్ళు సుద్దముక్కలు పట్టుకున్నా అది అరగలేదు.