మావయ్య లాగిన తాడు

నీళ్ల కింద ఉద్యోగం వెలగబెట్టబోతున్నానని మురిసిపోయే ఆ రోజుల్లో నాకు నేలమీద నడిచే జనమంటే చులకన. మా దీవిలో, షాదీపూర్ పేటలోని మా వాళ్లందరిలో డైవ్ మాస్టర్ కోర్సులో చేరినవాణ్ణి నేనొక్కణ్ణే మరి (మా అమ్మ దాన్ని ఇప్పటికీ "మునిగే చదువు" అంటుంది). కోర్సులో ఒకరోజు బయటి సముద్రంలో బాగా లోతుకు దిగాలి. పడవ మా మావయ్యది. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చినా చేపలవేట వదలని మనిషి. లోతుకు వెళ్లినవాడు ఒక్కసారిగా పైకి రాకూడదు, ఒంట్లో చేరిన గాలి పోయేదాకా దారిలో ఆగాలి, లేదంటే సోడాసీసా మూత తీసినట్టు లోపలే పొంగుతుంది. ఇదంతా పొద్దున్నే ఆయనకు చెప్పాను. "అరే, టెన్షన్ మత్ లే, కంగారుపడకురా! నాకు సముద్రం నేర్పుతావేటి?" అన్నాడు.

పైకి వస్తూ, పడవ నుంచి బరువు కట్టి వేలాడదీసిన తాడు పట్టుకుని ఆగాను. ప్రవాహం ఈడ్చేస్తోంది. జారిపోతానని తాడును మణికట్టుకు చుట్టుకున్నాను. నాతోబాటు తాడూ ఎగిరెగిరి పడుతోంది. మా వేటవాళ్లలో, నీళ్లలో దిగినవాడు తాడు కుదిపాడంటే ఒకటే అర్థం: ప్రాణం మీదికొచ్చింది, లాగండి. మావయ్య లాగాడు. నేను వద్దు వద్దని ఇంకా కుదిపాను. ఆయన ఇంకా గట్టిగా లాగాడు. మాకు నేర్పించే భయ్యా కిందనుంచి గుడ్లప్పగించి చూస్తుండిపోయాడు (పాపం, ఆయన ఇంకా ఆగాలి). పడవలో పడగానే "బతికావురా అల్లుడూ!" అని మావయ్య నన్ను కావలించుకుని ఏడ్చేశాడు.

సాయంత్రానికి భుజం లేవలేదు. ఆసుపత్రిలో గాలి ఒత్తిడి పెట్టే గదిలో పడుకోబెట్టారు. నొప్పి కొంత తగ్గించి, "ఇక డైవింగ్ మాట మర్చిపో" అన్నాడు డాక్టరు. మావయ్య మాత్రం "నాను లాగబట్టి దక్కాడు" అని వార్డంతా చెప్పుకున్నాడు. నర్సమ్మ ఆయనకు టీ కూడా ఇచ్చింది. నాకివ్వలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం నేలమీదే. జెట్టీ దగ్గర కొట్లో కూర్చుని టూరిస్టుల మొహాలకు మాస్కులు సరిచూస్తాను. వాళ్లు దిగుతారు, నేను వాళ్లు విప్పిన సూట్లు ఉతుకుతాను. ఏ పెళ్లిలోనైనా మావయ్య అదే కథ మొదలుపెడతాడు, నేను తలవంచుకుని పప్పు కలుపుకుంటాను. అంతలా ఏడ్చిన మనిషితో, నా బతుకు పాడుచేశావని ఎలా అనేది?

మొన్న ఆయన పడవలోంచి జెట్టీ మెట్టు ఎక్కలేక చేయి చాచాడు. మోకాళ్లు పోయాయి. నా మంచి చేత్తో పట్టుకుని లాగాను.

"ఒరే ఒరే, మెల్లిగా అల్లుడూ! మద్దిమద్దిన ఆగు. ఒక్కపాలి లాగేస్తే మనిషేటయిపోవాల?"

సగంలో ఆగిపోయాను. దాచుకున్న కోపం ఎందుకో నవ్వయిపోయింది. "సరే మావా, ఆగాగే లాగుతాను" అన్నాను. అంత కష్టపడి నేర్చుకున్న చదువు ఇన్నాళ్లకు పనికొచ్చింది.