కాటా అక్క పాత సిస్టమ్

లోడు లారీలను తూచే కాటా పక్కన మా అక్కది అగ్గిపెట్టెంత గది. ఒక కిటికీ, ఒక కుర్చీ, గీమని అరిచే ప్రింటర్, తూకం చూపించే ఎర్ర అంకెల డబ్బా. డ్రైవర్లందరూ ఆమెను కాటా అక్క అంటారు. నేనూ లారీ డ్రైవర్నే, పైగా సొంత తమ్ముణ్ణి. అయినా లైన్లో నా వంతు వచ్చేదాకా నన్ను మనిషిలా కూడా చూడదు.

ఎవరో సెలవు పెడితే నాలుగు రోజులు స్లిప్పులు రాయడానికి వచ్చి ఆ కుర్చీలోనే పాతుకుపోయింది. అక్కడి కంప్యూటర్ అక్కకన్నా మొండిది. తూకం ప్రోగ్రామ్ ఒక పాత ఆపరేటింగ్ సిస్టమ్, అదే ఓఎస్, మీద తప్ప నడవదు. ఆ ఓఎస్‌ని తయారుచేసినవాళ్లే వదిలేసి చాన్నాళ్లయింది. మెకానిక్ వచ్చినప్పుడల్లా విసుక్కునేవాడు. అక్క అతని భుజం మీంచి చూసి చూసి పని పట్టేసింది. అతను రావడం మానేశాక తనే సీడీ పెట్టి ఆ ఓఎస్‌ని ఎక్కించుకునేది. విద్యతోపాటు కాస్త పొగరు కూడా వచ్చింది, అబద్ధం ఎందుకు.

మొన్న పొద్దున నేను తూకం స్లిప్పు కోసం అక్క గదిలో ఉండగానే హార్డ్ డిస్క్ టకటకమని కొట్టుకుని చచ్చిపోయింది. కాటా ఓనరుగారు వచ్చి నిలబడే చెప్పారు.

"సాయంత్రంలోగా నడిస్తే సరే. లేదంటే కొత్త సిస్టమ్ వాళ్లతో మాట్లాడి ఉంచాను. ఆపరేటర్‌ని కూడా వాళ్లే పంపుతారు."

"అలాగేనండి" అంది అక్క.

బావ మిద్దె మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక ఆ ఇంట్లో జీతమంటూ వచ్చేది అక్క ఒక్కదానికే. నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోయాను గానీ, అక్క నావైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను.

బీరువా అడుగునుంచి ఒక పాత డిస్క్ తీసి బిగించింది. అదే ఆఖరిది. సీడీ పెట్టింది. నీలం తెర మీద పసుపు గీత చీమలా పాకడం మొదలుపెట్టింది. బయట లారీలు రోడ్డుదాకా నిలబడ్డాయి. ఒకడు హారన్ కొడితే మిగతావాళ్లు అందుకున్నారు. ఇంకా ఇన్ని నిమిషాలని తెర మీద పడే అంకె ఒకచోట కూర్చుంటే లేవదు.

"అక్కా, అవుతుందంటావా?"

"నువ్వు మాట్లాడకపోతే అవుతుంది."

మధ్యాహ్నం దాటాక ఓనరుగారు మళ్లీ వచ్చి ఆమె వెనకే నిలబడ్డారు. ఎవరైనా వెనక నిలబడి చూస్తే అక్కకి చేతులాడవు. కంగారులో తూకం ప్రోగ్రామ్ ఎక్కించి, ఎర్ర అంకెల డబ్బా నుంచి వచ్చే కేబుల్ గుచ్చి, రీస్టార్ట్ చేసింది.

సిస్టమ్ లేచింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో తెర మీద బాణం గుర్తు దానంతటదే ఎగిరింది. మౌస్ మీద ఎవరి చెయ్యీ లేదు. అయినా ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటే పరుగు. ఫోల్డర్లు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఒక ఫైలు చెత్తబుట్టలోకి పోయింది.

"దీనికి దయ్యం పట్టినట్టుంది. ఇంక చాల్లేమ్మా" అంటూ ఓనరుగారు ఫోన్ తీశారు.

అక్క ముఖం పాలిపోయింది. డిస్కే చెడిందనుకుంది. మళ్లీ మొదటినుంచి ఎక్కిద్దామని సీడీ చేతిలోకి తీసుకుంది. అలా మొదలుపెడితే చీకటి పడిపోతుంది, కుర్చీ పోతుంది. బావ పడిన రోజు కూడా తడబడని అక్క సీడీని తిరగేసి పెట్టబోయింది. నాకు నిజంగా భయమేసింది.

బయట ఓపిక నశించిన డ్రైవర్ ఎవడో, అప్పటిదాకా కాటా అంచున ముందుకీ వెనక్కీ ఆడిస్తున్న లారీని పూర్తిగా మీదికి ఎక్కించేశాడు. బాణం వెర్రెత్తినట్టు గంతులేసింది. లారీ ఆగింది. బాణమూ ఆగింది.

అక్క కిటికీలోంచి లారీని చూసింది, తెరని చూసింది.

"కొంచెం ముందుకి పోనీ" అని కేకేసింది.

లారీ కదిలింది, బాణం కదిలింది.

"నా బుద్ధి గడ్డి తింది" అంది అక్క. "లేచేటప్పుడు ఆ కేబుల్ ఉంటే, తూకం కూడా మౌసే అనుకుంటుంది ఇది. లేచాక గుచ్చాలి. అందరికీ చెప్పేదాన్ని నేనే."

కేబుల్ పీకి రీస్టార్ట్ చేసింది. బాణం నడిమధ్యన బుద్ధిగా నిలబడింది. అప్పుడు ప్రోగ్రామ్ తెరిచి కేబుల్ గుచ్చింది. లారీ బరువు తెర మీద పడింది.

ఓనరుగారి ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. "ఇది ఇంకెన్నాళ్లు నడుస్తుంది?" అని అడిగారు.

ఏళ్ల తరబడి నడుస్తుందని అనేస్తే పోయేది. నేనైతే అలాగే అనేవాణ్ణి.

"తెలీదండి. నా దగ్గర వేరే డిస్క్ లేదు. రేపే పోవచ్చు" అంది అక్క. "కొత్తది తెప్పించండి. నాకు దీనిమీద ప్రేమేం లేదు. కొత్తదొస్తే నన్ను పంపేస్తారని భయం, అంతే. చూపిస్తే అదీ నేర్చుకుంటాను."

ఫోన్లో అవతలివాళ్లు హలో హలో అంటున్నారు.

"ఆఁ, వింటున్నా" అన్నారు ఓనరుగారు ఫోన్లో. "సిస్టమ్ పంపండి. ఆపరేటర్ అక్కర్లేదు, మాకుంది."

అక్క స్లిప్పు చింపి కిటికీలోంచి చెయ్యి చాపింది. ఓనరుగారి మాట ఇంకా చెవుల్లోనే ఉందేమో, డ్రైవర్ రెండుసార్లు లాగాక గానీ స్లిప్పు వదల్లేదు.