అక్క ఎత్తిన చెయ్యి

నా చిన్నప్పుడు బాస్కెట్‌బాల్‌లో ఒక నియమం ఉండేది. ఆటలో ఎదుటి పిల్ల చేతి మీద కొట్టినా, ఒంటితో తోసినా రెఫరీ ఈల ఊదేవాడు. ఊది ఎవరి వైపు వేలు చూపిస్తే వాళ్లు ఉన్నచోటే నిలబడి చెయ్యి పైకెత్తాలి. ఫౌల్ ఎవరి పేరున రాయాలో బల్ల దగ్గర కూర్చున్న స్కోరర్‌కు తెలియడానికి ఆ ఏర్పాటు. ఇప్పుడు మా మనవరాలు ఆడుతుంటే చూస్తున్నాను కదా, ఎవరూ చెయ్యెత్తడం లేదు. రెఫరీయే వేళ్లతో నంబరు చూపిస్తున్నాడు. పిల్లలేమో నేనేం చేశానన్నట్టు రెండు చేతులూ చాపి, అమాయకంగా మొహం పెట్టి తిరుగుతున్నారు. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాకు ఆ మంట అంటించింది మా పక్కింటి అక్క.

మా ఇల్లు వరంగల్ మట్టెవాడలో. నాన్నకు స్టేషన్ రోడ్డులో జంపఖానాల దుకాణం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా పక్క వాటాలో అక్క అద్దెకు దిగింది. దిగిన రోజున మా అమ్మ చాయ్ ఇచ్చి వచ్చి, "ఆ పిల్ల దర్వాజ కన్న ఎత్తున్నది. వంగి లోపలికి పోతాంది, వంగి బయటికి వస్తాంది" అని బుగ్గలు నొక్కుకుంది. నేను పరుగున వెళ్లి చూశాను. అంత పొడుగు ఆడమనిషిని అప్పటిదాకా నేను చూడలేదు. నాన్నను ఆమె అన్నా అని పిలిచేది, నాకేమో ఆమె అక్క. వరసలు కుదరవు గానీ మా వాడకట్టులో వాటిని పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

ఆమె కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక ఊళ్లో వ్యవసాయం చేసుకునే ఇల్లు. కోతల కాలంలో వరిమోపులు ఎత్తి, బండి మీద నిలబడ్డ మనిషికి విసిరే పని ఆమెదట. బడిలో డ్రిల్లు సారు ఒకాయన అది చూసి, వాళ్ల నాయనతో నెల రోజులు వాదించి ఆమెను హైదరాబాద్ పంపించాడు. అక్కడ రాష్ట్ర జట్టుకు ఆడింది. ఆ ఆట చూసి ఒక పెద్ద ఆఫీసు వాళ్లు తమ జట్టు కోసం పిలిచి కొలువు ఇచ్చారు. ఆ కొలువులో ఆమె చేసే పనల్లా ఆడటమే. బంతి ఆడితే జీతం ఇస్తారన్న సంగతి మా వాడకట్టు ఆడవాళ్లు చాలాకాలం నమ్మలేదు. ఆఖరికి దేశం జట్టులో కూడా ఆడింది. ఆమె ట్రంకు పెట్టె అడుగున, కలరా ఉండల మధ్య, జేబు మీద దేశం గుర్తు కుట్టిన కోటు ఒకటి ఉండేది. ఒకే ఒక్కసారి నన్ను ముట్టుకోనిచ్చింది. నేను ముందు లంగాకు చేతులు తుడుచుకుని, ఆ తర్వాత ముట్టుకున్నాను.

ఒక మ్యాచ్‌లో ఎగిరి దిగేటప్పుడు కుడి మోకాలు మెలితిరిగింది. దవాఖానలో కోసి కుట్టారు గానీ కాలు మునుపటిలా కాలేదు. ముప్పై దాటకుండానే ఆట అయిపోయింది. అదే ఆఫీసు వాళ్లు వరంగల్‌లో కుర్చీ పని ఇస్తే వచ్చింది. వచ్చిన వారానికే మా బడి మైదానంలో పొద్దున ఆరింటికి, మళ్లీ సాయంత్రం ఆఫీసు అయ్యాక, ఆడపిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టింది. చేయమని ఎవరూ అడగలేదు, చేసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మట్టి కోర్టు మీద సున్నం గీతలు కూడా తనే వేసుకునేది. ఇక ఎగరలేదు, పరుగెత్తలేదు. ఉన్నచోటే నిలబడి, మాతో మాట్లాడుతూనే బంతిని పైకి వదిలేది. అది ఇనుప రింగుకు తగలకుండా లోపలికి దిగేది. మేం నోళ్లు తెరుచుకుని బంతిని చూసేవాళ్లం. ఆమె మాత్రం అప్పటికే మా కాళ్లు ఎక్కడున్నాయో చూస్తూ ఉండేది.

అన్నిటికన్నా ముందు మాకు నేర్పింది చెయ్యెత్తడం. ఆడుతుండగా ఈల ఊది ఎవరో ఒకరిని చూపించేది. చూపించగానే ఎత్తాలి. నాకు అది చచ్చేంత సిగ్గు. తప్పు చేశానని ఊరందరికీ నేనే చాటుకోవడమేమిటి? అందుకని సగమే ఎత్తేదాన్ని.

"ఏందే అది, పేలు చూసుకుంటానవా? మొత్తం లేపు. గోడ అవతలోల్లకు గూడ కనబడాలె" అనేది.

నాకు చిన్నప్పటి నుంచీ నోటి దురుసు ఎక్కువ. చెయ్యని ఫౌల్‌కు రెఫరీ నన్ను చూపిస్తే అప్పుడేం చేయాలని అడిగాను. అప్పుడూ ఎత్తమంది. రెఫరీతో కొట్లాట పెట్టుకోవద్దు, వచ్చి నాకు చెప్పు, నేను చూసుకుంట అంది. చూసుకోవడానికి ఈమేమైనా రెఫరీ మేనత్తా అని నేను మనసులో నవ్వుకున్నాను.

తొమ్మిదో తరగతిలో జిల్లా జట్టు ఎంపిక పోటీలు వచ్చాయి. అప్పటికే ఇంట్లో నా ఆట మీద గొడవ ముదిరింది. ఎదిగిన పిల్ల నిక్కరు వేసుకుని పదిమందిలో గెంతడమేమిటని మేనత్తలు నాన్నను పోరు పెట్టారు. నాన్న మెత్తనివాడు. అటు వాళ్లను కాదనలేక, ఇటు నన్ను ఏడిపించలేక ఒక మాట అన్నాడు. జిల్లా జట్టులోకి తీసుకుంటే ఆడు, లేకపోతే ఆ రోజుతో బంద్. నాన్న మాట అంటే ఆయన దుకాణంలో ధర లాంటిది, దాని మీద మళ్లీ బేరం ఉండదు.

మా జట్టులో నాకన్నా బాగా ఆడేది ఒక్కతే. ములుగు అవతల అడవి పల్లె నుంచి వచ్చి మా బడి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. మాట చాలా తక్కువ. నేను పది మాటలు మాట్లాడే చోట ఒక పాస్ ఇచ్చి ఊరుకునేది. జిల్లాకు ఎంపికైతే హైదరాబాద్‌లో ఆటల హాస్టల్లో ఆమెకు సీటు ఇప్పిస్తానని అక్క అంటుండేది.

ఎంపిక మ్యాచ్ రోజున నాన్న దుకాణం మూసి వచ్చాడు. ప్రహరీ పక్కన సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఎంపిక చేసే పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చున్నారు. ఆటలో ఒకరికి ఐదు ఫౌళ్లయితే బయటికి పోవాలి, మళ్లీ లోపలికి రానివ్వరు. రెండో సగం మొదలైన కాసేపటికే నాకూ నాలుగయ్యాయి, ములుగు పిల్లకూ నాలుగయ్యాయి. ఇంకా చాలా ఆట మిగిలి ఉంది. అప్పుడు అవతలి జట్టు పిల్ల ఒకతి బంతితో రింగు కిందికి దూసుకొచ్చింది. మేమిద్దరం ఒకేసారి ఎగిరాం. నా చెయ్యి ఆ పిల్ల మణికట్టు మీద ఫట్టున పడింది. ములుగు పిల్ల ఆమెను తాకనే లేదు. ఈల మోగింది. రెఫరీ వేలు ములుగు పిల్లను చూపించింది.

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. చూసి, అక్క నేర్పినట్టే నిండుగా చెయ్యి పైకెత్తింది. చెయ్యి దించి బెంచి వైపు నడిచింది. నేను కింద కూర్చుని బూటు లేసు విప్పాను. విప్పి మళ్లీ కట్టుకున్నాను. జన్మలో ఎప్పుడూ అంత శ్రద్ధగా లేసు కట్టుకోలేదు.

తలెత్తేసరికి అక్క ములుగు పిల్ల మీదికి వంగి ఏదో అడుగుతోంది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. అక్క లేచింది. ఈడుస్తూ నడిచే కాలితో స్కోరర్ బల్ల దాకా వెళ్లి, అందరికీ కనబడేలా నిలబడి, తన కుడి చెయ్యి పైకెత్తింది.

అంత పొడుగు మనిషి, అంత పొడుగు చెయ్యి. మైదానమంతా ఒక్క క్షణం అర్థం కాక చూసింది. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. కోచ్‌కు ఫౌలేమిటి? రెఫరీ వచ్చి ఏదో అడిగాడు, అక్క ఏదో చెప్పింది. దూరం నుంచి నాకు వినబడలేదు. అవతలి జట్టు వైపు నుంచి ఒక ఆవిడ గొంతు మాత్రం అందరికీ వినబడింది. "పెద్ద ప్లేయరట! తన పోరిని కాపాడుకునెతందుకు నాటకాలు చేస్తాంది" అంది. కుర్చీల్లోని పెద్దమనుషులు మొహాలు చూసుకున్నారు. దేశం కోటు తొడిగిన మనిషి మా మట్టి కోర్టులో నలుగురి ముందు నవ్వులపాలవుతోంది. బరువంతా మంచి కాలి మీద వేసి నిలబడింది గానీ చెయ్యి దించలేదు. నా వైపు చూడలేదు.

ఆమె అంతా చూసిందనుకున్నాను. నేను కొట్టడం చూసి కూడా నా పరువు తీయడం ఇష్టం లేక, నా తప్పును తన నెత్తిన వేసుకుంటోందనుకున్నాను. ప్రహరీ వైపు చూశాను. నాన్న సైకిల్ పట్టుకుని అలాగే ఉన్నాడు. ఇప్పుడు చెయ్యెత్తితే నా ఆట ఈ రోజుతో సరి. అది నాకు స్పష్టంగా తెలుసు. నా చెయ్యి దానంతటదే లేచిందని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అది అబద్ధం. నేనే లేపాను. నిండు బిందె ఎత్తినంత కష్టపడి లేపాను. ఈసారి గోడ అవతలి వాళ్లకు కూడా కనబడే ఉంటుంది.

నవ్వులు ఆగిపోయాయి. రెఫరీ నన్ను అడిగాడు, నేనే కొట్టానని చెప్పాను. ఐదో ఫౌల్ నా పేరున రాశారు. నేను బయటికి, ములుగు పిల్ల లోపలికి. ఎదురుపడినప్పుడు ఆమె నా భుజం తట్టలేదు, మొహం తిప్పుకుని పోయింది. నాకు అలాగే కావాలి. నిజం ఒప్పుకున్నందుకు గెలిచి ఉంటామని మీరనుకుంటారేమో, అదీ లేదు, రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ములుగు పిల్లను జిల్లా జట్టులోకి తీసుకున్నారు. నన్ను తీసుకోలేదు.

నాన్న నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, మీ అక్క ఎందుకు చెయ్యెత్తిందని అడిగాడు. ఏడుస్తూ మొత్తం చెప్పాను. ఇల్లు వచ్చాక ఆయన సైకిల్ స్టాండు వేసి, "అన్న మాట అన్నట్టే బిడ్డా. ఆట బంద్" అన్నాడు. లోపలికి రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "గని చెయ్యి మంచిగ లేపినవ్" అన్నాడు.

వారం రోజులు నేను అక్కకు మొహం చూపించలేదు. ఎనిమిదో రోజున ఆమే తల వంచి మా గుమ్మం దాటి వచ్చింది. "అన్నా, ఆడనియ్యకు, సరే. బల్ల కాడ కూసోనియ్యి. చెయ్యి ఎవరు లేపుతాన్రో చూసి రాసుడే గద. మీ పిల్ల చేతిరాత మంచిగున్నది" అంది. రాత పని అనేసరికి నాన్న మొహం తేటపడింది. అలా నేను స్కోరర్‌నయ్యాను. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక కూడా మానలేదు. అక్క కోచ్‌గా పెరగడం ఆ బల్ల దగ్గర నుంచే చూశాను. ఆమె పిల్లలు జిల్లాకు ఆడారు, రాష్ట్రానికి ఆడారు. ఆమె రాష్ట్ర జట్టు బెంచి మీద కూర్చుంటే అవతలి జట్ల కోచ్‌లు వచ్చి వంగి దండం పెట్టి వెళ్లేవాళ్లు. ములుగు పిల్ల తనే ఆటల టీచరై, ఏటా తన పిల్లలను తీసుకొచ్చి అక్క ముందు నిలబెట్టేది. ఎన్ని చూసినా నాకు మాత్రం ఆమె ఆ బల్ల ముందు చెయ్యెత్తి నిలబడ్డ మనిషే.

ఇప్పుడు అక్కకు ఎనభై దాటాయి. ఇప్పటికీ సాయంత్రం మైదానంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని పిల్లల మీద అరుస్తుంది. పోయిన చలికాలం ఒకరోజు ఆమె పక్కన కూర్చుని, ఎన్నాళ్ల నుంచో నోటి దాకా వచ్చి ఆగిపోతున్న ప్రశ్న అడిగేశాను. ఆ రోజు నేను కొట్టడం చూసి కూడా నా పేరెందుకు చెప్పలేదక్కా అన్నాను.

"నేనెక్కడ చూసిన్నే?" అంది. "నాకు రెఫరీ అడ్డమున్నడు. నువ్వు చెయ్యి లేపినంకనే నువ్వని తెలిసింది."

ఇన్నేళ్లూ ఆమె నన్ను కాపాడిందనుకుంటూ బతికాను. మరి ఏం చూసి లేచావని అడిగాను.

"ఏం చూసుడు? నువ్వేనా అని ఆ పిల్లనడిగిన. కాదక్కా అన్నది. అయితె కాదు. రెఫరీకి గదే చెప్పిన. నా పిల్ల కాదంటాంది, రాసుకుంటె నా పేరు మీద రాసుకో అన్న."

ఎవరూ చెయ్యెత్తకపోయి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "ఏముంది, ఆ పిల్ల బయట్నే కూసుండేది. అందరు నవ్వుకుంట ఇంటికి పొయ్యేటోల్లు. గని నన్ను ఒక్కరన్న నమ్మిన్రని ఆ పిల్లకుండేది గద" అని, వెంటనే ఆడుతున్న పిల్లల్లో ఎవరో కాలు తప్పుగా వేశారని అక్క అటు తిరిగి అరిచింది.

తప్పు నాదైతే కోడలి ముందైనా, మనవల ముందైనా ఒప్పుకోవడం నాకు ఆ మ్యాచ్ రోజు నుంచే అలవాటు. ఆ రోజు నుంచి నేను నేర్చుకున్నది అంతే అనుకున్నాను. మొన్న మా మనవరాలు బడి నుంచి ఏడుస్తూ వచ్చి, "నేను కాదు నానమ్మా, ఎవ్వరు నమ్ముతలేరు" అంది. ఏం జరిగిందో, ఎవరేమన్నారో నేను అడగలేదు. చెప్పులు వేసుకుని, దాని చెయ్యి పట్టుకుని బడికి నడిచాను.