సోమవారం పంపిన అంకె

పోయిన మంగళవారం ఉదయం చుండూరులో ఇంటికి తాళం వేస్తుండగా బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. మా ఫైనాన్స్ మేడం గారి చెల్లెలు. "అక్క పోయిందమ్మా. కాఫీ తాగి, కూర్చున్న కుర్చీలోనే..." అన్నారు. ఆ తర్వాత ఏం చెప్పారో నాకు వినపడలేదు. తాళంచెవి తలుపుకే వదిలేసి బస్సెక్కానని బాపట్లలో దిగాక గాని తెలియలేదు.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. రొయ్యలు శుభ్రం చేసి, గడ్డకట్టించి విదేశాలకు పంపే కంపెనీ మాది. హెడ్డాఫీసు తెనాలిలో, కోల్డ్ స్టోరేజీ బాపట్లలో, ఫ్యాక్టరీ రేపల్లెలో. అంత కంపెనీ తీసుకున్న అప్పులన్నీ ఆవిడ చూసేవారు. పెద్ద కంపెనీకి అప్పు ఒకసారి తీర్చేసి చేతులు దులుపుకునేది కాదు. ఒకటి తీరుస్తూ ఇంకొకటి తీసుకుంటూ నడుస్తుంది. ఏది ఎప్పటికి తీరాలి, అప్పటికి డబ్బు ఎక్కణ్ణుంచి రావాలి అన్నది కనిపెట్టుకుని ఉండటమే ఆవిడ పని. నేను ఆవిడ కింద జూనియర్‌గా చేరాను.

వేటపాలెంలో మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. ఎవరు కొత్త చీర కట్టుకొచ్చినా ముందు అంచు తిరగేసి వెనకవైపు నేత చూసేవారు. కాగితాన్నీ అలాగే చూసేవారు. ఏ అంకె రాసినా పెన్సిల్‌తోనే. రోజుకొకసారి బ్యాంకుల్లో ఎవరో ఒకరికి ఊరికే ఫోన్ చేసి, ఎలా ఉన్నారని అడిగి పెట్టేసేవారు. ఎందుకని అడిగితే, "పనిలేని రోజు పలకరిస్తేనే అమ్మాయ్, పనిపడ్డ రోజు మన మాట వింటారు" అన్నారు.

రేపల్లె ఫ్యాక్టరీకి కొత్త భవనం తలపెట్టినప్పుడు ఆవిడకీ చైర్మన్ గారికీ మొదటిసారి చెడింది. తక్కువ వడ్డీకి వస్తోందని ఆయన ఆరు నెలల అప్పు తీసుకుని కట్టుబడి మొదలుపెట్టారు.

"ఆర్నెల్లలో తీర్చాల్సిన డబ్బుతో గోడలు కడుతున్నామండి. ఆ గోడలు డబ్బు తెచ్చేసరికి ఐదేళ్లు పడుతుంది" అన్నారావిడ.

"గడువుకి మళ్లీ ఇస్తారులెండి. ఎప్పుడివ్వలేదు?" అన్నారు చైర్మన్ గారు.

గడువు ఒక శుక్రవారం. దానికి నెల ముందు, విదేశాలకు పంపిన మా సరుకులో రొయ్యలకు వాడిన మందుల అవశేషాలున్నాయని పెద్ద లోడు ఒకటి తిప్పి పంపారు. ఆ పెట్టెలన్నీ బాపట్ల కోల్డ్ స్టోరేజీకి చేరాయి. మా దగ్గర నిల్వ ఉన్న సరుకును బట్టే బ్యాంకులు అప్పిచ్చేవి. అందుకని ఎంత సరుకుందో నెలనెలా రాసి పంపాలి. తిరిగొచ్చిన పెట్టెలు తీసేస్తే సరుకు చాలదు. సరుకు చాలకపోతే శుక్రవారానికి కొత్త అప్పు పుట్టదు.

ఆ గడువు వారంలో సోమవారం మేడం గారు సెలవు. చైర్మన్ గారు నన్ను గదిలోకి పిలిచారు.

"ఆ పెట్టెలు కూడా కలిపి రాసెయ్యమ్మా. ఇప్పుడే బ్యాంకుకి మెయిల్ చెయ్. మేడం సంతకం తర్వాత పెట్టిద్దాం."

నేను రాశాను. పంపాను. భయపడి చేశానని చెప్పుకోవచ్చు. కానీ ఆ క్షణాన నాకు పెద్ద భయమేమీ వెయ్యలేదు. పెద్దాయన నన్ను పిలిచి పని చెప్పారన్న గొప్పే ఎక్కువగా ఉంది. అది ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు.

మర్నాడు మేడం గారు సంతకానికి పెట్టిన కాగితం చూసి పెన్సిల్ ఆ అంకె మీద ఆపారు.

"ఇదెక్కడిదమ్మాయ్?"

నేను చేతిలోని ఫైలు సర్దుకున్నాను. ఆవిడ తిట్టలేదు. "కారు పిలువు. బాపట్ల వెళ్దాం" అన్నారు.

కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ మాకు ఉన్ని కోట్లు ఇచ్చి వెనక గదిలోకి తీసుకెళ్లాడు. ఎర్ర టేపు చుట్టిన పెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. "ఇవి ఎవరైనా కొంటారా బాబూ?" అని అడిగారు మేడం గారు. "లేదండి. పూడ్చిపెట్టాల్సిందేనండి" అన్నాడతను. నాకు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆవిడ నన్ను ఆ పెట్టెలన్నీ వరసగా లెక్కపెట్టమన్నారు. బయటికొచ్చేసరికి నా చేతివేళ్లు వంగలేదు. ఆవిడ తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దారు. అప్పుడు ఏడుపొచ్చింది. సోమవారమే మెయిల్ పంపేశానని చెప్పాను. ఆవిడ చేతులు ఒక్క క్షణం ఆగాయి, అంతే. మళ్లీ రుద్దసాగారు.

బుధవారం చైర్మన్ గారి గదిలోంచి కేకలు మా టేబుళ్ల దాకా వినిపించాయి.

"మీరు సంతకం పెట్టకపోతే శుక్రవారం ఒక అప్పు తప్పుద్ది. ఒకటి తప్పితే మిగతా బ్యాంకులన్నీ ఒకేసారి మీద పడతాయి. ఒప్పందాల్లో అలాగే ఉందని మీరే చెప్పారుగా! రేపల్లెలో పనిచేసే ఆడవాళ్లంతా రోడ్డున పడతారు. ఆ పాపం మీదే!"

"వాళ్ల కోసమేనండి పెట్టనిది. ఇవాళ కలిపిన పెట్టెల్ని వచ్చే నెలా కలపాలి, ఆపై నెలా కలపాలి. బ్యాంకులవాళ్లు తమంతట తాము కనిపెట్టిన రోజున ఒక్కరు కూడా గడువివ్వరు. ఇవాళ మనమే చెబితే కనీసం అడగొచ్చు."

గురువారం నాలుగు బ్యాంకుల అధికారుల్నీ ఆవిడే తెనాలి పిలిపించారు. నీళ్లు తప్ప ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. తిరిగొచ్చిన సరుకు సంగతి ఆవిడే ముందు చెప్పారు. తర్వాత ఏం చెయ్యొచ్చో చెప్పారు. బాపట్ల దగ్గర ఖాళీగా ఉన్న కంపెనీ భూమి అమ్మడం, భవనం పని ఆపడం, ఆరు నెలల అప్పును ఫ్యాక్టరీ తాకట్టు మీద ఐదేళ్లకు మార్చడం, అందుకు వడ్డీ ఎక్కువైనా ఒప్పుకోవడం.

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదుగా?" అన్నారొకాయన.

"తెలిసేదండి, ఆలస్యంగా. అప్పుడు మీరు ఈ గదిలోకి వచ్చేవారు కాదు."

నాలుగో బ్యాంకు ఆయన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. "సోమవారం ఒక అంకె. ఇవాళ ఒక అంకె. సోమవారంది ఎవరు తయారు చేశారు?"

చైర్మన్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేను గోడ పక్కన ఫైళ్లు పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను కూడా.

"నా డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిందండి" అన్నారు మేడం గారు. "ఆ బాధ్యత నాది."

నేను నోరు మూసుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నానికి మూడు బ్యాంకులు ఒప్పుకున్నాయి. నాలుగోదాని నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒప్పుకుంటే నలుగురూ కలిసి ఒప్పుకోవాలి, లేకపోతే ఆ మూడూ చెల్లవు. రెండయింది. మూడయింది. ఆవిడ టిఫిన్ బాక్సు మూత కూడా తియ్యలేదు. సాయంత్రం బ్యాంకు పని ముగిసే వేళకు మెయిల్ వచ్చింది. ఆవిడ చదివి, కళ్లద్దాలు తీసి, చదవమని స్క్రీన్ నా వైపు తిప్పారు. ఐదేళ్ల గడువు ఇచ్చారు. చివర ఒక షరతు: సోమవారం పంపిన తప్పుడు అంకెకు బాధ్యులైనవారు ఇకమీదట కంపెనీ ఆర్థిక వ్యవహారాల్లో ఉండరాదు.

"నేను చెప్పేస్తానండి" అన్నాను.

"ఏమని? చైర్మన్ రాయమన్నాడనా? ఆయన కాదంటాడు. మళ్లీ అంతా మొదటికొస్తుంది. కూర్చో." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని అన్నారు, "ఆ గదిలో పెట్టెలు లెక్కపెట్టినదానివి నువ్వు. అవెన్నో తెలిసినవాళ్లు ఒకరు ఇక్కడ ఉండాలి. ఇంకోసారి ఎవరైనా రాయమంటే నీకు ఆ చలి గుర్తొస్తుంది."

ఆ రోజే రాజీనామా రాశారు. అదొక్కటి పెన్నుతో రాశారు.

భూమి అమ్ముడైంది. భవనం మొండిగోడలతో నిలిచిపోయినా ఫ్యాక్టరీ ఒక్క రోజు కూడా ఆగలేదు. అప్పు నిరుడు తీరింది. ఆ సంగతి చెప్పడానికి వెళితే, "వడ్డీ ఏమైనా తగ్గించారా?" అని అడిగారు, అంతే. ఇవాళ ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఆ అంకె రాసింది నేను. ఈ మాట ఆవిడ బతికుండగా రాయాల్సింది.

అప్పట్లో తన ఉద్యోగం ఆఖరి రోజున తెనాలి ఆఫీసులో వీడ్కోలు సభ పెడతామంటే ఆవిడ వద్దన్నారు. నన్ను తోడు తీసుకుని రేపల్లె వెళ్లారు. లోపలికి వెళ్లలేదు. మధ్యాహ్నం షిఫ్టు వదిలే వేళకు గేటు బయట నిలబడ్డారు. తలలకు కట్టుకున్న వలలు విప్పుకుంటూ, తడిసిన కుచ్చిళ్లు దులుపుకుంటూ ఆడవాళ్లు గుంపుగా బయటికొచ్చారు. వాళ్లకు ఆవిడ ఎవరో తెలియదు.

"ఏంటమ్మా, ఎవరి కోసం?" అని అడిగిందొకామె.

"ఎవరి కోసం కాదమ్మా. పోతూ ఆగాను."

"ఊళ్లోకేగా? రండి, సర్దుకుందాం."

షేర్ ఆటోలో అప్పటికే ఏడుగురున్నారు. అడిగినామె తన క్యారియర్ ఒళ్లోకి తీసుకుని పక్కకు జరిగింది. మేడం గారు నాకు చెప్పకుండానే ఎక్కి, ఆ జానెడు చోటులో కూర్చున్నారు. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు, ఆవిడా నవ్వారు. ఆటో కదిలింది. గాలికి ఎగిరే ఆవిడ కొంగును పక్కనున్న ఆమె పట్టుకుని, చక్రంలో పడకుండా తన మోకాలి కింద అదిమిపెట్టింది.