గులాబీ మీది మంచు తోడిన అగనీతా

అగనీతా దూక్ సాధించిన మొదటి ఘనకార్యం ఒక తెల్లపూల పొద. పూస్తే వీధంతా వాసన. దాన్ని మా ఐషెన్‌గార్ట్ ఊళ్ళో అంతకుముందు ఎవరూ పూయించలేకపోయారు. తెచ్చి నాటినవాళ్ళు ఉన్నారు. మొదటి చలికాలానికే పుల్లలు మిగిలాయి. అగనీతా నాలుగు మొక్కల్ని చలికి పోగొట్టుకుని, అయిదో దాన్ని నిలబెట్టింది. అది పూసిన ఆదివారం ప్రార్థన అయ్యాక మగవాళ్ళు సైతం అమ్మకానికి వచ్చిన గుర్రాన్ని చూసినట్టు చేతులు వెనక్కి కట్టుకుని, చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా వెళ్ళారు. మావాళ్ళు ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే.

ఊరు చిన్నదే గానీ చెప్పుకోవడానికి మాకు తక్కువేమీ లేదు. ఎర్రనది మైదానంలో గాలికి అడ్డంగా కరగానా పొదలతో కంచెలు వేసిన మొదటివాళ్ళు మా తాతలు. చుట్టుపక్కల ఇటుకలతో కట్టిన బడి మాదొక్కటే. ఇవి చాలవన్నట్టు, ప్రభుత్వ తోటల కేంద్రం వాళ్ళు ఏ పూలపొద మా చలిని తట్టుకుంటుందో తేల్చడానికి పరీక్ష మొక్కల వరస పెట్టింది కూడా మా ఊళ్ళోనే, అగనీతా పెరట్లో.

చెప్పడానికి తేలికైన పనే. మొక్క నాటాలి, గడ్డి కప్పకూడదు, గోనె చుట్టకూడదు. మే నెలలో గోటితో బెరడు గీకి చూడాలి. లోపల పచ్చగా ఉంటే కొమ్మ బతికినట్టు, గోధుమరంగు తిరిగితే పోయినట్టు. కొస నుంచి ఎంత కిందికి చచ్చిందో దాన్నిబట్టి మార్కు. పువ్వు అందం ఆ తర్వాతి మాట. తనకు ఎంతో ఇష్టమైన ఎర్రపూల పొదకి కూడా అగనీతా సున్నా వేసి, పీకి పొయ్యిలో పెట్టింది. అలాంటి మనిషి.

రోడ్డు పక్కన పెరిగే అడవి గులాబీని వాళ్ళమ్మ తోటలోని గులాబీతో కలిపి ఆవిడే ఒక కొత్త మొక్కను తయారుచేసింది. నడుమెత్తు పొద, లేత గులాబీరంగు, నిండా రేకులు. మూడు చలికాలాలు వరసగా కొసల దాకా పచ్చగా నిలిచింది. కేంద్రం నుంచి వచ్చే కార్‌మైకేల్ దొర గీకి చూసి, దీనికి పేరు పెట్టి ఊరూరా పంచుదామన్నాడు. ఊరిపెద్ద కొర్నేలియస్ తేవ్స్ ఆ సాయంత్రమే పేరు తేల్చేశాడు: ఐషెన్‌గార్ట్ గులాబీ. పైగా 1954 వేసవిలో జరిగే బడి డెబ్బై అయిదేళ్ళ పండగకి ప్రతి గేటు పక్కనా అదే ఉండాలని తీర్మానించారు. అప్పట్నుంచి ఊళ్ళో ఎవరి నోట విన్నా అదే మాట.

అగనీతాకి శాంతి పోయింది అప్పుడే.

1953 జనవరిలో ఒక పొద్దున ఆవిడ వంటింటి కిటికీలోంచి పెరట్లోకి చూసింది. కరగానా కంచె చాటున మంచు మనిషెత్తు పేరుకుని ఉంది. లైలాక్ పొద కొసలు బయటికి కనబడుతున్నాయి, తెల్లపూల పొద కొసలు కనబడుతున్నాయి. గులాబీ మాత్రం ఎక్కడా లేదు. ఏడాదికేడాది అది చలికాలమంతా దుప్పటి కింద పసిపిల్లలా మంచు కింద పడుకుంది. గాలి దాన్ని తాకనే లేదు. మేలో వచ్చే దొరకి జనవరి మంచు ఎలా తెలుస్తుంది?

"మనం మెచ్చుకున్నది గులాబీని కాదు, మంచుని," అంది మొగుడు దీద్రిక్‌తో.

"బతికిందా లేదా? ఇంకేం కావాలే నీకు?"

"కంచె లేని ఇంటి ముందు నాటితే?"

దీద్రిక్ కాఫీలో రొట్టె ముంచుకున్నాడు. ఆవిడ మాత్రం కూర్చోలేకపోయింది. పార తీసుకుని పెరట్లోకి వెళ్ళి, అక్కడున్న మూడు గులాబీ పొదల చుట్టూ మంచు మొత్తం తోడేసింది. రాత్రి గాలికి మళ్ళీ నిండింది. పొద్దున్నే మళ్ళీ తోడింది. అప్పట్నుంచి కాలు కాలిన పిల్లిలా కిటికీకీ తలుపుకీ మధ్య తిరగడమే. ప్రార్థనలో కూర్చున్నా చెవి గాలి మీదే. మేమంతా ఇంటి గోడలకి మంచు ఎగదోసుకుని వెచ్చగా ఉండే రోజుల్లో ఈవిడ మొక్కల మీది మంచు తీస్తోందని ఊరంతా నవ్వింది. పక్కింటి ఆబ్రామ్ పెన్నర్ కంచె మీదుగా తొంగిచూసి, "దీద్రిక్ బావా, మా వాకిట్లోది కూడా తోడిపెట్టమను మీ ఆవిడని. ఊరికే వద్దులే, కాఫీ ఇస్తాం," అన్నాడు.

అందరికంటే బాధపడింది అత్తగారు యుస్టీనా. ఎనభై దాటిన మనిషి. ఒంటిమీద గుడ్డ లేకుండా వీధిలో నిలబెట్టిన బిడ్డల్ని చూసినట్టు ఆ గులాబీల్ని చూసేది.

ఫిబ్రవరిలో కూతురి పురిటికి అగనీతా పొరుగూరు వెళ్ళాల్సి వచ్చింది. ఆ వారమే, గాలి కదలకుండా, ఆ ఏటికల్లా ఘోరమైన చలి. మనవడిని ఒళ్ళో పెట్టుకుని కూడా ఆవిడ ధ్యాస పెరటి మీదే. తిరిగొచ్చి, మీద కోటు తీయకుండానే వెనక్కి పరుగెత్తింది. రెండు పొదలు మంచులో పూడిపోయి ఉన్నాయి. గాలి చేసిన పని కాదు. పైన పార వీపుతో చక్కగా తట్టిన గుర్తులున్నాయి.

"నేనే కప్పానమ్మా," అంది అత్తగారు పెరటి గుమ్మంలో నిలబడి, మురిసిపోతూ. "మూడోదానికి నడుం పట్టేసింది. దాన్ని చూస్తే నాకు నిద్రే పట్టలేదు."

అగనీతా వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మంచిపని చేశారు అత్తయ్యా, లోపలికి పదండి, చలి," అని మాత్రం అంది.

మేలో కప్పిన రెండూ కొసల దాకా పచ్చగా వచ్చాయి. మూడోది కొస నుంచి మోకాటి ఎత్తు దాకా నల్లబడింది. చలికే పోయిందా అంటే, దాని మొదలు దగ్గర బెరడు లేచిపోయి ఉంది. తోడేటప్పుడు పార తగిలిన దెబ్బ అది. ఏది కారణమో కార్‌మైకేల్ దొర మోకాళ్ళ మీద కూర్చుని ఎంత చూసినా తేలలేదు.

ఊరిపెద్ద తేవ్స్ సభలో, "మూడింట్లో రెండు బతికాయిగా, పండగ దగ్గరికొచ్చింది, గులాబీ అంట్లు ఇవ్వమ్మా," అన్నాడు.

"బతికినవి మా అత్తగారి చలవ," అంది అగనీతా. "ఇవ్వను."

"ఊరి పేరు పెట్టుకున్నాం దానికి."

"అందుకే ఇవ్వనంటున్నాను. రేపు ఎవరింటి ముందో చస్తే, చచ్చింది ఐషెన్‌గార్ట్ అనే అంటారు."

సభలో చాలామంది ముఖాలు ముడుచుకున్నారు. కార్‌మైకేల్ మాత్రం ఆవిడ పక్షాన నిలిచి, గాలికి ఏ అడ్డూ లేనిచోట ఇంకొక్క చలికాలం చూసి గానీ పేరు పెట్టనని చెప్పేశాడు. అలాంటిచోటు అగనీతాకి తెలుసు. ఉత్తరాన పీస్ నది దగ్గర ఆవిడ తమ్ముడు ఐజాక్ అడవి కొట్టి కొత్తగా పొలం చేసుకున్నాడు. అక్కడి చలి ముందు మా చలి వసంతమే. మొక్కలు పంపుతాను నాటమని కబురు పెడితే, మరదలు ఎంతో ప్రేమగా జవాబు రాసింది: ఏమీ బెంగపెట్టుకోవద్దు వదినా, గడ్డి దండిగా ఉంది, బాగా కప్పి కాపాడతాం.

అది చదివిన రోజునే అగనీతా పెట్టె సర్దుకుంది. ఈ భూమ్మీద మావాళ్ళెవరూ మొక్కని చలిలో ఊరికే వదిలెయ్యలేరని ఆవిడకి తేలిపోయింది. సెప్టెంబరు మొదట్లో, వేళ్ళకి తడిగోనె చుట్టిన ఆరు గులాబీలతో రైలెక్కింది. అత్తగారు దారికని రెండోసారి కాల్చి ఎండబెట్టిన రొట్టెలు సంచీనిండా ఇచ్చి, "కొంచెమైనా కప్పవే, పైపైన," అని స్టేషన్‌లో కూడా బతిమాలింది. అగనీతా ఆవిడ శాలువా సరిచేసి బండెక్కింది.

ఇప్పుడు ఇక్కడ నేల రాయైపోయింది. నేల మెత్తగా ఉన్నప్పుడే గేటు గేటు పక్కనా ఆ గులాబీకని గొయ్యి తవ్వి పెట్టుకున్నాం. అలిగినవాళ్ళూ తవ్వారు, నవ్విన ఆబ్రామ్ అందరికంటే లోతుగా తవ్వాడు. అక్కడ ఆవిడ రోజూ పార పట్టుకుని పొలంలోకి వెళ్తోందట, ఈసారి మొదళ్ళ దగ్గర మాత్రం చేత్తోనే తీస్తోందట. గులాబీ నిలిచిందా లేదా అన్నది ఆవిడ వచ్చి చెప్పాలి. అంట్లతో వస్తుందో, ఖాళీ చేతులతో వస్తుందో తెలియదు. రావలసింది మాత్రం జూన్ పన్నెండు, శనివారం.