బెల్లం ఆవకాయ చెప్పిన వైద్యం

నా చిన్నప్పుడు మేము సారపాకలో, కాగితం మిల్లుకు దగ్గరగా ఉండే లైను ఇళ్లలో ఉండేవాళ్లం. నాన్నకు మిల్లులో ఉద్యోగం. అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లడంతో ఆ వేసవి ఇంటి పెత్తనమంతా మా నాయనమ్మదే. ఆమె చేతికి కొలతంటే గిట్టదు. ఆమె పెట్టిన చాయ్‌లో కరగని చక్కెర అడుగున మిగిలేది. ఎవరైనా తీపి ఎక్కువైందంటే మెచ్చుకున్నారనుకొని మురిసిపోయేది.

ఒకరోజు తెల్లారేసరికి నాకు మోషన్లు పట్టుకున్నాయి. తునికి పండ్ల కోసం అడవికి వెళ్లి, దారిలో వాగు నీళ్లు తాగిన ఫలితం అది. ఆ నీళ్లు మాత్రం ఎంతో కమ్మగా ఉన్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. నాన్న అప్పటికే షిఫ్టుకు వెళ్లిపోయాడు. నాయనమ్మ చేసిన మొదటి పని నీళ్ల చెంబు నాకు అందకుండా దాచడం. కడుపు జారుతున్నప్పుడు నీళ్లు తాగితే అవీ పోతాయని ఆమె నమ్మకం. ఆమెదే కాదు, మా లైనంతా అదే నమ్మేది.

పక్కింటి అక్క నర్సింగు చదువుతూ సెలవులకు వచ్చి ఉంది. నా ఏడుపు విని పరుగున వచ్చింది. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి గుక్కగుక్కగా తాగించమంది. చక్కెర, ఉప్పు జోడుగా వస్తే జబ్బుపడిన పేగు కూడా లోపలికి రానిస్తుందట, వాటి వెంట నీళ్లూ వెళ్తాయట. పెద్ద డాక్టర్లు ఏళ్ల తరబడి పరిశోధించి తేల్చిన సంగతని, క్లాసులో తమకు చెప్పారని అంది. అందులో నాయనమ్మకు నచ్చింది చక్కెర అన్న మాటొక్కటే. అక్క అటు వెళ్లగానే, పిల్లకు బలం రావాలని ఇంకో గుప్పెడు చక్కెర వేసింది. అదీ చాలదనిపించి మళ్లీ వేసింది. నేను ఆశగా తాగాను.

మధ్యాహ్నానికి పరిస్థితి ఇంకా చెడింది. కళ్లు లోపలికి పోయాయి, నాలుక అంగిలికి అతుక్కుపోయింది, లేచి కూర్చునే ఓపిక లేదు. నాయనమ్మ భయంతో అక్కను పిలిచి, నీ నీళ్లతోనే పిల్ల ఇలా అయిందని అనేసింది. అక్క ఆ నీళ్లు ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. సంగతి అర్థమైంది. అయినా కోప్పడలేదు. వంటింట్లోకి వెళ్లి, ముందురోజు పెట్టిన బెల్లం ఆవకాయ జాడీ తెచ్చి మూత తీసింది.

"నాయనమ్మా, దీంట్ల నీళ్లు పోసినవా?"

"ఆవకాయల నీళ్లేంది బిడ్డా. బెల్లం ఎక్కువేస్తె ముక్కలల్ల నీళ్లన్నీ గదే గుంజుతది."

"అవ్. పేగుల గూడ గట్లనే. తీపి కొలతల ఉంటే నీళ్లను లోపలికి తీస్కపోతది. ఎక్కువైతే పిల్ల ఒంట్ల నీళ్లనే గుంజుతది."

నాయనమ్మ జాడీలో ముడుచుకున్న ముక్కల్ని చూసింది, వాటి చుట్టూ ఊరిన పలుచటి పాకాన్ని చూసింది, తర్వాత నా మొహం చూసింది. ఆ తీపి నీళ్లు పారబోసి కొత్తగా కలిపింది. చెంచా మీది చక్కెరను వేలితో సమంగా గీసి, మిగిలినది డబ్బాలోకి రాల్చింది. ఆమె ఏదైనా అలా కొలిచి వేయడం అదే మొదటిసారి చూశాను. ఒంట్లో నీళ్లు నిలిచి సాయంత్రంలోగా నాకు ఉచ్చ రాకపోతే భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాలని అక్క రిక్షా మాట్లాడి ఉంచింది. ఇద్దరూ చెరో పక్క కూర్చుని చెంచాతో తాగిస్తూనే ఉన్నారు.

ఎండ చల్లబడే వేళకు ఉచ్చ వచ్చింది. నాయనమ్మ సంతోషం పట్టలేకపోయింది. షిఫ్టు దిగి సైకిళ్ల మీద ఇళ్లకు వస్తున్నవాళ్లందరికీ వినపడేలా, మా మనుమరాలు ఉచ్చ పోసిందని వాకిట్లో నిలబడి చాటింపు వేసింది. మా వాకిట్లోకి రాకముందే నాన్నకు ఆ వార్త చేరింది. నేను సిగ్గుతో దుప్పటి ముసుగేసుకుని లోపల నవ్వుతూనే ఉన్నాను. అక్క నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

ఆ వానాకాలం లైనులో ఏ పిల్లకు కడుపు జారినా నాయనమ్మే చెంచా పట్టుకుని బయల్దేరేది. ఏ తల్లైనా ప్రేమకొద్దీ ఇంకాస్త చక్కెర వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. ఆమె గొంతులో ఆ గర్వం చూడాలి.

తర్వాత నేను పంతులమ్మనై ఎందరికో పాఠాలు చెప్పాను. ఎవరికైనా కొత్త సంగతి చెప్పాల్సి వస్తే, వాళ్ల చేతులకు ముందే తెలిసినదేమిటో వెతుక్కోవడం ఆ రోజు నుంచే అలవాటైంది. అక్క ఆ మధ్యాహ్నం మా నాయనమ్మది తప్పని నిరూపించి గెలవాలనుకుని ఉంటే, ఇదంతా చెప్పడానికి నేను మిగిలేదాన్ని కాదు.